ఎస్‌పీ-404 మార్క్ 2 రివ్యూ: బీట్ మేకింగ్ ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి

నమస్తే అండీ. ముందు ఒక నాలుగు బార్ల బీట్ వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

(బీట్ వినిపిస్తుంది)

ఇందులో కిక్‌లా (లోతైన డ్రమ్ దెబ్బలా) వినిపించింది చెక్క బల్ల మీద గుప్పిటతో గుద్దిన శబ్దం. స్నేర్ (పదునైన డ్రమ్ దెబ్బ) ఏమో చప్పట్లు, దాని మీద తాళంచెవుల గుత్తి గలగల. పైన స్వరాల్లా తిరుగుతున్నది స్టీలు గిన్నె అంచున చెంచాతో కొట్టిన ఒకే ఒక్క మోత. కంప్యూటర్ ఆన్ చేయలేదు. అంతా ఈ పెట్టెలోనే, రోలాండ్ ఎస్‌పీ-404 మార్క్ 2లోనే చేసింది.

ఈ వీడియో ఇంతవరకూ శాంపిలర్ ముట్టుకోనివాళ్ల కోసం. శాంపిలర్ అంటే ఏ శబ్దాన్నైనా రికార్డ్ చేసుకుని, ఆ ముక్కని (దాన్నే శాంపిల్ అంటారు) ప్యాడ్‌లు నొక్కి వాయించుకునే పెట్టె. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఈ మెషీన్‌లో రీశాంపిలింగ్, అంటే మోగుతున్నదాన్ని మళ్లీ రికార్డ్ చేసుకునే పని, మీ చేతికి వచ్చిందంటే మిగతావి వెనకాలే వస్తాయి. అది రాకపోతే ఎన్ని ఎఫెక్ట్‌లున్నా ప్యాడ్‌లు నొక్కుతూ కూర్చోవడమే అవుతుంది. అందుకే ఫీచర్లన్నీ వరసపెట్టి చదవను. కోయడం, పేర్చడం, మళ్లీ రికార్డ్ చేయడం, ఈ మూడింటి మీదే ఉంటాను.

ముందు పెట్టెని ఒకసారి చూద్దాం. 2021లో వచ్చింది. 16 ప్యాడ్‌లు, పక్కన ఒక సబ్ ప్యాడ్. గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా తాకితే మెల్లగా పలుకుతాయి. ఒక ప్రాజెక్ట్‌లో 160 శాంపిల్స్ పెట్టుకోవచ్చు, అలాంటి ప్రాజెక్ట్‌లు 16. లోపల స్టోరేజ్ 16 జీబీ. ఆరు డబుల్-ఏ బ్యాటరీల మీద నడుస్తుంది, యూఎస్‌బీ-సి మీదా నడుస్తుంది. బ్యాటరీల మీద పూటంతా గడుస్తుందని మాత్రం అనుకోకండి, పవర్ బ్యాంక్ దగ్గర పెట్టుకోండి.

కొనే ముందు తెలియాల్సిన సంగతి ఒకటుంది. దీనికి లోపల మైక్ లేదు. 2005లో వచ్చిన మొదటి 404కి ఉండేది, ఇందులో తీసేశారు. అంటే గిన్నె మోత రికార్డ్ చేయాలంటే మీ దగ్గర ఒక డైనమిక్ మైక్ ఉండాలి, దానికి క్వార్టర్ ఇంచ్ జాక్ ఉన్న కేబుల్ ఉండాలి. మైక్ లేదా? ఫోన్‌లో రికార్డ్ చేసి యూఎస్‌బీ-సి కేబుల్‌తో నేరుగా పంపండి. మొదట్లో ఆ క్వాలిటీ బాగా సరిపోతుంది.

ఇక కోయడం. చాలామంది దీన్ని రెండు నిమిషాల్లో దాటేస్తారు. నేనిక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగుతాను, ఎందుకంటే కొత్తవాళ్లు "నాకు టైమింగ్ లేదు" అనుకునేది సరిగ్గా ఇక్కడే.

చూడండి, ఇది రికార్డ్ చేసిన బల్ల దెబ్బ. స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ (శబ్దం బొమ్మ) కనిపిస్తోందా? దెబ్బకి ముందు సన్నని గీత ఒకటుంది. అది నిశ్శబ్దం. ఒక 40 మిల్లీసెకన్లు ఉంటుందేమో. వినడానికి ఏమీ కాదు. కానీ వాయించేటప్పుడు మీరు సరిగ్గా తాళం మీదే నొక్కినా శబ్దం మాత్రం 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. చెయ్యి లేటని మీరు అనుకుంటారు, నిజానికి లేటయింది శాంపిల్. స్టార్ట్-ఎండ్ బటన్ నొక్కి, నాబ్ తిప్పి, మొదలుని దెబ్బ దాకా లాక్కురండి. జూమ్ చేసి మరీ చూడండి. ఇప్పుడు వినండి.

(ముందు, తర్వాత: రెండూ వినిపిస్తాయి)

తేడా వేలికే తెలుస్తుంది. ఇలా అని మరీ లోపలికి కోసేస్తే దెబ్బలో మొదటి టక్కుమనే భాగం పోయి కిక్ మెత్తబడుతుంది. వేవ్ ఎత్తులో ఉన్నచోట కోస్తే టిక్ మని చప్పుడొస్తుంది, సున్నా గీత దగ్గర కోస్తే రాదు. ఒక్క కిక్‌కి పది నిమిషాలు పట్టినా పర్వాలేదు.

పొడుగాటి రికార్డింగ్‌ని ముక్కలు చేయడానికి చాప్ ఉంది. దెబ్బలు ఎక్కడ పడ్డాయో మెషీనే చూసి గుర్తులు పెడుతుంది, లేదా వింటూ మీరే పెట్టుకోవచ్చు. మీ చేత్తో పెట్టుకోవడమే మంచిదంటాను. మెషీన్ శబ్దం పెరిగిన చోటు చూసి గుర్తు పెడుతుంది. మాట ఎక్కడ ముగిసింది, ఊపిరి ఎక్కడ తీసుకున్నారు అన్నది మీ చెవికే తెలుస్తుంది. మంచి చాప్‌లు చాలాసార్లు ఆ ఊపిరి దగ్గరే దొరుకుతాయి.

గేట్ బటన్ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. గేట్ ఆన్‌లో ఉంటే వేలు తీయగానే శబ్దం ఆగిపోతుంది. ఆఫ్‌లో ఉంటే ఒక్కసారి తాకితే చాలు, చివరిదాకా మోగుతుంది. డ్రమ్స్‌కి ఆఫ్, రాగం ముక్కలకి ఆన్. అలాగే డ్రమ్ కిట్‌లో హ్యాట్ అనే జంట తాళాలుంటాయి. తెరిచి కొట్టిన ఓపెన్ హ్యాట్, మూసి కొట్టిన క్లోజ్డ్ హ్యాట్ రెండింటినీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో వేయండి, ఒకటి మోగితే రెండోది ఆగుతుంది. అసలు డ్రమ్ కిట్‌లో జరిగేది అదే కదా.

ఇప్పుడు పేర్చడం. ప్యాటర్న్ రికార్డ్ పెట్టి, మెట్రోనోమ్ వింటూ వాయిస్తే, మీ దెబ్బలు గుర్తుపెట్టుకుని తిప్పి తిప్పి వినిపిస్తుంది. క్వాంటైజ్ ఆన్‌లో ఉంటే అటూ ఇటూ పడ్డ దెబ్బల్ని దగ్గరలోని గీత మీదకి సర్దుతుంది. అన్నీ సర్దేస్తే బీట్ బిగుసుకుపోతుంది. దీనికి విరుగుడు స్వింగ్. ఈ మెషీన్‌లో దాని పేరు షఫుల్.

స్వింగ్ అంటే ఏమిటో మన చతురశ్రం, తిశ్రం తెలిసినవాళ్లకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. 90 బీపీఎంలో, అంటే నిమిషానికి 90 బీట్ల వేగంలో, అర బీట్ సుమారు 333 మిల్లీసెకన్లు. దాన్ని సగానికి విరిస్తే రెండో దెబ్బ 167 దగ్గర పడుతుంది, అది చతురశ్ర నడక. మూడు భాగాలు చేసి, రెండు భాగాలు ఆగి కొడితే 222 దగ్గర పడుతుంది, అది తిశ్రం. స్వింగ్ ఈ రెండింటి మధ్య ఉంటుంది. అకాయ్ కంపెనీ ఎంపీసీ శాంపిలర్ల లెక్కలో మొదటిది 50 శాతం, రెండోది సుమారు 66. 60 శాతం పెడితే రెండో దెబ్బ 200 మిల్లీసెకన్ల దగ్గరికి జరుగుతుంది. అంటే జరిగింది 33 మిల్లీసెకన్లే, కానీ తల దానంతటదే ఊగుతుంది.

(50, 55, 60, 66: నాలుగు రకాలూ వినిపిస్తాయి)

ఈ స్వింగ్‌ని డ్రమ్ మెషీన్‌లోకి తెచ్చినాయన రోజర్ లిన్, 1980లో ఎల్ఎం-1తో. తర్వాత అకాయ్ కంపెనీకి 1988లో ఎంపీసీ60 డిజైన్ చేసిందీ ఆయనే. నాలుగు వరసల్లో నాలుగేసి ప్యాడ్‌లు, ఈ అమరిక అక్కడిదే. డెట్రాయిట్‌కి చెందిన హిప్‌హాప్ నిర్మాత జే డిల్లా ఆ ఎంపీసీల్లోదే ఎంపీసీ3000 మీద తిన్నటి నడకనీ స్వింగ్ నడకనీ కలిపి, దెబ్బల్ని కాస్త అటూ ఇటూ జరిపి బీట్లు చేసేవాడు. ఆయన వాడిన మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో, స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది. ఒక వాయిద్యానికి దక్కాల్సిన గౌరవమే అది.

మీరు మొదట్లో ఇలా చేయండి. కిక్, స్నేర్ క్వాంటైజ్‌తో రికార్డ్ చేయండి. తర్వాత క్వాంటైజ్ ఆఫ్ చేసి హ్యాట్ మీ చేత్తో వాయించండి. పునాది కదలదు, పైన నడక మాత్రం మీదే ఉంటుంది. హ్యాట్ కాస్త వెనకపడినా చెరిపేయకండి, లూప్‌ని కొంచెంసేపు అలాగే తిరగనివ్వండి. బాగుందో లేదో వింటూ ఉంటే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. రీశాంపిలింగ్.

మెషీన్‌లో మోగుతున్నదాన్ని ఎఫెక్ట్‌తో సహా మళ్లీ ఒక ఖాళీ ప్యాడ్‌లోకి రికార్డ్ చేయడం, అంతే. రీశాంపిల్ బటన్, ఖాళీ ప్యాడ్, రికార్డ్. ఇంత చిన్న పనికి అంత హడావిడి ఎందుకంటారా? ఈ గిన్నె మోత చూడండి. మొదట దీనికి ఫిల్టర్ వేసి పైనున్న కీచుదనం తీసేశాను. రీశాంపిల్. వచ్చినదాన్ని ఐదు సెమిటోన్లు (అర స్వరాలు) కిందికి దించాను, గంట మోతలా అయింది. దానికి డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) వేసి మళ్లీ రీశాంపిల్. ఇప్పుడు దాన్ని రివర్స్ చేసి, చివరి సగం మాత్రం కోసుకున్నాను. వినండి.

(నాలుగు దశలూ వరసగా వినిపిస్తాయి)

నాలుగోదాన్లో గిన్నె లేదు. ఈ దారిలో వెళ్తే మీరు చేసిన ధ్వని మీ దగ్గరే ఉంటుంది, ఏ శాంపిల్ ప్యాక్‌లోనూ దొరకదు.

దీనితో ఇంకో మేలుంది. కంప్యూటర్‌లో ఎఫెక్ట్ ఎప్పుడైనా తీసేయొచ్చు, మార్చొచ్చు. అందుకే ఏ నిర్ణయమూ తెగదు, పాట వారాల తరబడి అలా పడి ఉంటుంది. రీశాంపిల్ చేశాక డిలే ఆ శబ్దంలో కలిసిపోయింది, ఇక విడదీయలేరు. నచ్చిందా లేదా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ తేల్చుకోవడం అలవాటు కావడం చాలా అవసరమని గట్టిగా నమ్ముతాను. కాకపోతే అసలు రికార్డింగ్‌ని వేరే బ్యాంక్‌లోకి (ప్యాడ్‌ల ఇంకో సెట్‌లోకి) కాపీ చేసి ఉంచుకోండి.

పాతకాలంలో ఇలాంటి పని తప్పనిసరై చేసేవాళ్లు. 1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్‌పీ-1200లో (ఇదీ ఒక శాంపిలరే) మొత్తం శాంపిల్ టైమ్ 10 సెకన్లే. అందుకని 33 ఆర్‌పీఎం (నిమిషానికి 33 చుట్లు) గ్రామఫోన్ రికార్డుని 45 మీద తిప్పి, ఆ వేగంలోనే శాంపిల్ చేసి, లోపల పిచ్ (శ్రుతి) దించుకునేవారు. అలా సుమారు 13 సెకన్ల సరుకు ఆ 10 సెకన్లలో పట్టేది. మెషీన్ 12 బిట్‌ది కాబట్టి (శబ్దాన్ని తక్కువ వివరంగా దాచుకునేది), దించినప్పుడు ధ్వనికి ఒక గరుకుదనం వచ్చేది, అప్పటి హిప్‌హాప్‌లో అదే ముద్రగా నిలిచిపోయింది. మీరూ ఇందులో పిచ్ పెంచి రీశాంపిల్ చేసి, మళ్లీ దించి చూడండి. ఇది శబ్దాన్ని ఎక్కువ నాణ్యతతో, 48 కిలోహెర్ట్జ్ లెక్కన రికార్డ్ చేసే మెషీన్, కాబట్టి అంత గరుకు రాదు. శబ్దాన్ని కావాలని గరుకుగా చేసే లో-ఫై ఎఫెక్ట్ తోడు వేయండి.

స్కిప్ బ్యాక్ అని ఒకటుంది, దీన్ని మెచ్చుకోకుండా ఉండలేను. మీరు రికార్డ్ నొక్కకపోయినా మెషీన్ వెనకాల వింటూనే ఉంటుంది. సరదాగా వాయిస్తుంటే ఏదో బాగా కుదిరిందనుకోండి, అప్పుడు నొక్కితే కనీసం చివరి 25 సెకన్లు మీ చేతికొస్తాయి. రికార్డ్ లైట్ చూడగానే వేళ్లు బిగుసుకునేవాళ్లకి ఇది వరం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సగం పనులు షిఫ్ట్ బటన్ పట్టుకుని వేరే ప్యాడ్ నొక్కితే గానీ జరగవు. స్క్రీన్ చిన్నది. మొదటివారం మాన్యువల్ పక్కనే ఉండాలి. ఇంకోటి, దీనికి లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లు చాలా వచ్చాయి, మెనూలు మారాయి. 2021 నాటి ట్యుటోరియల్ చూసి "నా దాంట్లో ఇది లేదేంటి" అనుకోకండి. ముందు అప్‌డేట్ చేసి, తర్వాత కొత్త వీడియోలు చూడండి. ప్యాటర్న్‌లని గొలుసులా కలపొచ్చు గానీ, పల్లవి, చరణం, బ్రిడ్జ్ అంటూ పూర్తి పాట కట్టడానికి ఇది అనువైన చోటు కాదు. లూప్‌లు ఇక్కడ చేసి, కూర్పు కంప్యూటర్‌లో చేసుకుంటే హాయి.

పాట మొత్తం ఒకే పెట్టెలో తేల్చాలి అనుకుంటే అకాయ్ ఎంపీసీ వన్ చూడండి. టచ్ స్క్రీన్ ఉంది, ట్రాక్‌లు ఉన్నాయి. వేళ్లతో వాయించడం కన్నా గళ్లలో దెబ్బలు పెట్టుకోవడమే ఇష్టమైతే ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్. మైక్, స్పీకర్ రెండూ లోపలే ఉండి, తీసిన వెంటనే మొదలుపెట్టేయాలంటే టీనేజ్ ఇంజినీరింగ్ వాళ్ల ఈపీ-133. నిజానికి మైక్ కొనే ఆలోచన లేనివాళ్లకి ముందు దాన్నే చెబుతాను. ఎఫెక్ట్‌లతో శబ్దాన్ని మలచడం మీద మనసున్నవాళ్లకి మాత్రం ఈ 404నే.

వేరేవాళ్ల పాటల్లోంచి ముక్కలు తీసుకోవడం గురించి ఒక్క మాట. ఇంట్లో నేర్చుకోవడానికి వాడటం వేరు, విడుదల చేయడం వేరు. అమెరికాలో 1991లో శాంపిలింగ్ మీద గ్రాండ్ అప్‌రైట్ కేసు తీర్పు వచ్చాక అనుమతి లేకుండా శాంపిల్ వాడి రికార్డు విడుదల చేయడం పెద్ద సమస్యే అయింది. ఆన్‌లైన్‌లో పెట్టేది ఏదైనా మీ సొంత రికార్డింగ్‌లతో మొదలుపెట్టండి. బల్ల, గిన్నె, తాళంచెవులు, మీ గొంతు. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరగా, సెకండ్ హ్యాండ్ సంగతి. 2009 నాటి 404 ఎస్ఎక్స్ కూడా దొరుకుతుంటుంది. దానికి 12 ప్యాడ్‌లే, అంకెలు చూపే చిన్న డిస్‌ప్లే, వేవ్‌ఫామ్ కనిపించదు. ఇందాక చూపించిన కోత అంతా చెవితోనే చేయాలి, కొత్తవాళ్లకి అది కష్టం. అందుకే సెకండ్ హ్యాండ్ అయినా మార్క్ 2నే వెతకండి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఒకే శాంపిల్‌ని 16 ప్యాడ్‌లకీ కాపీ చేసి, ఒక్కొక్కటీ మెల్లగా, గట్టిగా నొక్కి వినండి. ఏ ప్యాడైనా మెల్లగా తాకినప్పుడు పలకకపోతే అది అరిగిందన్నమాట. నాబ్‌లు తిప్పుతూ స్క్రీన్ మీద అంకె గెంతుతోందేమో చూడండి. హెడ్‌ఫోన్ జాక్‌లు రెండుంటాయి, రెండింట్లోనూ పెట్టి వినండి. ఎస్‌డీ కార్డ్ ఒకటి వెంట తీసుకెళ్లి, ఒక ప్రాజెక్ట్ దాంట్లోకి ఎక్స్‌పోర్ట్ అవుతుందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.