చేతికి బిగించే కఫ్ మెదడు రక్తప్రవాహాన్ని సరిదిద్దగలదా?

(స్టూడియో చర్చ లిఖిత రూపం. పాల్గొన్నవారు: నాడీవైద్య నిపుణురాలు, శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు, వైద్య పరీక్షల గణాంక నిపుణుడు.)

సమన్వయకర్త: నమస్కారం. ధమనులు గట్టిపడి, లోపలి గోడలకు కొవ్వు పేరుకుని, మెదడుకు రక్తం సరిగా అందని రోగులకు రోజూ చేతికి గాలి కఫ్ బిగించి, కొద్ది నిమిషాలు రక్తప్రసారాన్ని ఆపి, మళ్లీ వదిలే పద్ధతి ఒకటి ఉంది. దీనిని రిమోట్ ఇస్కీమిక్ కండిషనింగ్ అంటున్నారు. చేతిని ఇబ్బంది పెడితే తలకు మేలు జరగడం ఏమిటని ఎవరికైనా అనుమానం రావడం సహజమే. ఆచార్యులవారూ, ముందు అసలు మెదడు తన రక్తప్రవాహాన్ని ఎలా అదుపులో ఉంచుకుంటుందో చెప్పండి.

ఆచార్యుడు: శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. కానీ విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది, పైగా కష్టకాలానికి దాచుకునే నిల్వలు దానికి దాదాపు లేవు. ప్రతి 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20కి దిగువకు పడిపోతే నాడీకణాలు పని ఆపేస్తాయి. 10కి దిగువన కొద్ది నిమిషాలకే చనిపోవడం మొదలవుతుంది. మరోవైపు రక్తపోటు నిలకడగా ఉండేది కాదు. లేచి నిలబడినా, దగ్గినా, కోపం వచ్చినా మారుతూ ఉంటుంది. ఆ మార్పు మెదడు దాకా చేరకుండా అక్కడి సన్నని ధమనులు పోటు పెరిగినప్పుడు ముడుచుకుని, తగ్గినప్పుడు విప్పారి, ప్రవాహాన్ని ఇంచుమించు ఒకే స్థాయిలో నిలుపుతాయి. సగటు ధమనీ పీడనం 60 నుంచి 150 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉన్నంతవరకు ప్రవాహం మారదని 1959లో నీల్స్ లాసెన్ ప్రచురించిన వక్రరేఖ చెప్పింది. ఆ సమతల భాగం నిజానికి అంత వెడల్పుగా లేదని, పెరిగిన పోటును తట్టుకున్నంత బాగా తగ్గిన పోటును మెదడు తట్టుకోలేదని తరువాతి పరిశోధనలు సూచించాయి. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంకా ఆ పాత గీతనే అచ్చువేస్తున్నాయి.

సమన్వయకర్త: ధమనులు గట్టిపడినవారిలో ఈ ఏర్పాటు ఎక్కడ దెబ్బతింటుంది, డాక్టర్ గారూ?

నాడీవైద్యురాలు: రెండు చోట్ల దెబ్బతింటుంది, ఆ రెండింటినీ విడిగా చూడాలి. మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని గానీ, మెదడులోపలి మధ్య మస్తిష్క ధమని గానీ బాగా ఇరుకైతే, ఆ ఇరుకు దాటిన తరువాత పీడనం పడిపోతుంది. దానిని సరిపెట్టడానికి దిగువనున్న సన్నని నాళాలు ముందే పూర్తిగా విప్పారి ఉంటాయి కనుక, రక్తపోటు ఇంకా తగ్గినప్పుడు అవి చేయగలిగింది ఏమీ మిగలదు. ప్రవాహం పోటుతో పాటే పడిపోతుంది. రెండో రకంలో దీర్ఘకాలపు అధిక రక్తపోటు, మధుమేహం, వయసు కలిసి ఆ సన్నని నాళాల గోడలనే మందంగా, బిరుసుగా మార్చేస్తాయి. అప్పుడు విప్పారే అవకాశం ఉన్నా విప్పారే శక్తి ఉండదు. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు ఉన్నవారిలో లాసెన్ చెప్పిన ఆ హద్దులు పైకి జరుగుతాయి కాబట్టి, వారికి బీపీని ఒక్కసారిగా దించేస్తే మనకు మామూలుగా కనిపించే అంకె దగ్గరే మెదడు ఆకలితో అలమటించవచ్చు. కఫ్ చికిత్స గురించి మాట్లాడేవారు ఈ రెండు రకాల రోగులను ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

సమన్వయకర్త: ఈ చికిత్స ఆలోచన ఎక్కడ పుట్టింది?

ఆచార్యుడు: గుండె పరిశోధనలో పుట్టింది. 1986లో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే ముగ్గురు కుక్కల గుండె ధమనిని అయిదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తరువాత 40 నిమిషాలు మూసి ఉంచారు. ముందస్తు విరామాలు లేని కుక్కలతో పోలిస్తే వీటిలో చనిపోయిన కండరం నాలుగో వంతుకు తగ్గింది. చిన్న కొరతను రుచి చూసిన కణజాలం పెద్ద కొరతకు సిద్ధపడుతుందన్నమాట. 1993లో ప్రిజిక్లెంక్ బృందం గుండెలో ఒక ధమనిని అలా మూసి తెరిస్తే మరో ధమని పరిధిలోని కండరానికి కూడా రక్షణ దొరుకుతుందని చూపడంతో, ‘దూరం నుంచి’ అన్న మాట వచ్చి చేరింది. గుండె నుంచి చేతికి రావడానికి ఆపై పెద్ద అడ్డంకి లేకపోయింది. చేయి కొద్ది నిమిషాలు రక్తం లేకపోయినా తట్టుకోగలదు, కఫ్ బిగించడానికి కోత అక్కరలేదు.

సమన్వయకర్త: ఆ సందేశం చేతి నుంచి తలకు ఎలా వెళుతుంది?

ఆచార్యుడు: ఒకే దారిన కాదు. చేతిలోని ఇంద్రియనాడులు ప్రేరేపించబడి మెదడును గుండె వంటి లోపలి అవయవాలతో కలిపే వేగస్ నాడి ద్వారా వెళ్లే దారి ఒకటి. రక్తంలో కలిసి ప్రయాణించే రసాయనాల దారి మరొకటి. ఇలా కండిషనింగ్ చేసిన ఒక జంతువు నుంచి తీసిన రక్తద్రవం మరో జంతువు గుండెను కాపాడగలిగిందన్న ప్రయోగాలు రెండో దారికి బలమిచ్చాయి. మెదడు ప్రవాహానికి సంబంధించి నాకు ముఖ్యమనిపించేది రక్తనాళాలను విప్పార్చే నైట్రిక్ ఆక్సైడ్. కఫ్ వదలగానే చేతి ధమనిలో రక్తం ఉరవడిగా దూసుకుపోతుంది, ఆ రాపిడికి నాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది, అది నైట్రైట్ రూపంలో రక్తంలో తిరిగి ఆక్సిజన్ తక్కువైన చోట మళ్లీ నాళాలను విప్పగల రూపం దాల్చుతుంది. బిరుసెక్కిన నాళాలలో మొదట కొరవడేది ఈ పదార్థమే.

సమన్వయకర్త: మెదడు నియంత్రణ మెరుగుపడిందని కొలిచి చూపగలరా, లేక ఇదంతా ఊహేనా?

నాడీవైద్యురాలు: కొలవగలం. కణత మీద ధ్వనితరంగాలతో పనిచేసే డాప్లర్ పరికరం ఉంచి మధ్య మస్తిష్క ధమనిలో రక్తవేగాన్ని, వేలికి తొడిగే చిన్న కఫ్‌తో గుండె కొట్టుకునే ప్రతిసారీ రక్తపోటును ఒకేసారి నమోదు చేస్తాం. డాప్లర్‌తో పుర్రె గుండా మెదడు ధమనులను చూడడం 1982లో రూనే ఆస్లిడ్ మొదలుపెట్టారు. రక్తపోటులో సుమారు పది సెకన్లకొకసారి వచ్చే నెమ్మదైన అలలు సహజంగానే ఉంటాయి. నియంత్రణ చక్కగా ఉన్న మెదడులో వేగపు అల పోటు అల కంటే ముందే పైకి లేచి ముందే కిందికి దిగుతుంది, ఎందుకంటే నాళాలు సర్దుకోవడం మొదలుపెట్టేశాయి. నియంత్రణ చెడినవారిలో రెండు అలలూ జంటగా కదులుతాయి. ఆ ముందడుగు ఎంతన్నదే మా కొలత. ఆరోగ్యవంతులలో చేసిన పరిశీలనలో కఫ్ చికిత్స తరువాత ఈ ముందడుగు వెంటనే కాక, కొన్ని గంటల తరువాత పెరిగి, మర్నాటి వరకు నిలిచింది. ఆ ఆలస్యం నాకు నమ్మకం కలిగించిన విషయాలలో ఒకటి. కేవలం నొప్పికో, ఉద్వేగానికో వచ్చిన మార్పయితే వెంటనే కనిపించి మాయమయ్యేది.

గణాంక నిపుణుడు: అక్కడ నేనొక మాట అనాలి. డాప్లర్ కొలిచేది రక్తవేగాన్ని, ప్రవాహాన్ని కాదు. ధమని వ్యాసం మారలేదని మనం అనుకుంటేనే ఆ రెండూ ఒకటవుతాయి. ఇరుకైన ధమనిలో వేగం పెరిగిందంటే ప్రవాహం మెరుగైందని కావచ్చు, ఇరుకు ఎక్కువైందనీ కావచ్చు. పైగా వయసు మళ్లినవారిలో కొందరికి కణత ఎముక మందంగా ఉండి సంకేతమే దొరకదు, అంటే మనకు ఎక్కువ అవసరమున్న రోగులే కొలతలోంచి జారిపోతారు.

నాడీవైద్యురాలు: ఒప్పుకుంటాను. అందుకే అలల మధ్య కాలవ్యత్యాసాన్ని చూడమంటున్నాను, వేగపు అంకెను కాదు. వ్యాసం గురించిన అనుమానం దానిని అంతగా బాధించదు.

సమన్వయకర్త: ఇక రోగులలో ఫలితాల సంగతి?

గణాంక నిపుణుడు: ఆశ రేపినది 2012లో చైనాలో రాన్ మెంగ్ బృందం ప్రచురించిన పరీక్ష. మెదడులోపలి ధమనులు ఇరుకై, లక్షణాలు కనిపించిన 68 మందిలో కొందరికి 300 రోజుల పాటు రోజుకు రెండుసార్లు రెండు చేతులకూ కఫ్ బిగించారు. 90 రోజులలో మళ్లీ పక్షవాతం వచ్చినవారు మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 23.3 శాతం కాగా, కఫ్ వాడినవారిలో 5 శాతం. మెదడుకు రక్తం అందే తీరు కూడా స్కాన్‌లలో మెరుగుపడింది. కానీ 68 మంది అంటే ఇద్దరు ముగ్గురు అటు ఇటు అయినా శాతాలు తలకిందులవుతాయి. దానిని సరిగా తేల్చడానికే రికా అనే పెద్ద పరీక్ష జరిగింది. 3,033 మంది రోగులు, ఒక వర్గానికి 200 మిల్లీమీటర్ల ఒత్తిడి, మరో వర్గానికి 60 మిల్లీమీటర్ల ఉత్తుత్తి ఒత్తిడి, 12 నెలల పాటు రోజుకొకసారి. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తం అందక వచ్చే పక్షవాతం అసలు చికిత్స పొందినవారిలో 16.9 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 19.0 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలదు.

నాడీవైద్యురాలు: ఆ పరీక్షలో చాలామంది కఫ్ వాడకాన్ని క్రమం తప్పించారన్నది కూడా చెప్పాలి. మేలు ఉన్నా అందువల్ల పలచబడి ఉండవచ్చని పరిశోధకులే రాశారు.

గణాంక నిపుణుడు: రాశారు, నిజమే. కానీ రోగులు వాడని చికిత్స కూడా విఫలమైన చికిత్సే కదా. రోజూ యాభై నిమిషాలు చేయి నొప్పి భరించమంటే, ఏ లక్షణమూ లేని రోజున ఎంతమంది భరిస్తారు? క్రమంగా వాడినవారిని మాత్రమే ఏరి లెక్కిస్తే బాగుంటుందన్న వాదన నాకు రుచించదు. క్రమశిక్షణ ఉన్నవారు మందులూ సరిగానే వేసుకుంటారు.

సమన్వయకర్త: అప్పుడే పక్షవాతం వచ్చినవారిలో పరీక్షలు వేరే కథ చెబుతున్నాయి కదా?

గణాంక నిపుణుడు: రెండు కథలు చెబుతున్నాయి. చైనాలో సుమారు 1,800 మందితో జరిగిన రికామిస్‌లో 90 రోజులకు చెప్పుకోదగ్గ వైకల్యం లేకుండా ఉన్నవారు కఫ్ వర్గంలో 67.4 శాతం, మిగతావారిలో 62.0 శాతం. అయితే అక్కడ ఉత్తుత్తి కఫ్ లేదు, ఎవరికి ఏ చికిత్స అందుతోందో రోగులకూ తెలుసు. 2023లో డెన్మార్క్ ఫలితం వచ్చింది. అంబులెన్స్‌లోనే కఫ్ మొదలుపెట్టి, 1,500 మందిని ఉత్తుత్తి కఫ్‌తో పోల్చిన ఆ పరీక్షలో మేలు కనబడలేదు. గుండెపోటులోనూ అంతే, 2019లో అయిదు వేల మందికి పైగా రోగులతో వచ్చిన ఫలితం శూన్యం.

ఆచార్యుడు: గుండెపోటు ఫలితాన్ని ఇక్కడికి నేరుగా తేకూడదు. అది ఒక్కసారి వచ్చిన ఆపదకు ఒక్కసారి ఇచ్చిన చికిత్స. ధమనులు గట్టిపడటం ఏళ్ల పాటు సాగేది. నెలల పాటు రోజూ ఇచ్చే కఫ్ కొత్త రక్తమార్గాలను, నాళపు లోపలి పొరను ప్రభావితం చేయవచ్చన్నది వేరే ప్రశ్న. కరోటిడ్ ధమనికి స్టెంట్, అంటే ఇరుకును తెరిచి ఉంచే జాలీ గొట్టం, వేయబోయే 189 మందిలో రెండు వారాలు ముందుగా కఫ్ వాడినప్పుడు, స్టెంట్ తరువాత మెదడు స్కాన్‌లో కొత్త మచ్చలు సుమారు 16 శాతం మందికే కనిపించాయి. ఉత్తుత్తి కఫ్ వర్గంలో అది దాదాపు 37 శాతం, ఏ కఫ్ లేనివారిలో 41 శాతం. ఆపద ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన సందర్భం అది.

సమన్వయకర్త: ఇంట్లో బీపీ మిషన్ ఉంది కదా, దానితోనే చేసుకుంటామనేవారికి ఏం చెబుతారు?

నాడీవైద్యురాలు: చేయవద్దంటాను. బీపీ మిషన్ కొద్ది క్షణాలు బిగించి వదిలేస్తుంది. ఇక్కడ 200 మిల్లీమీటర్ల వద్ద అయిదు నిమిషాలు నిలిపి, అయిదు నిమిషాలు వదిలి, నాలుగైదు విడతలు చేయాలి. సాధారణంగా వచ్చేవి నొప్పి, ఎరుపు, చర్మం కింద సూదిమొనలంత రక్తపు చుక్కలు. కానీ డయాలిసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన ఫిస్టులా ఉన్నవారికి, చేతికి వెళ్లే సబ్‌క్లేవియన్ ధమనే ఇరుకైనవారికి, చేతి సిరలో గడ్డ ఉన్నవారికి, అదుపులేని రక్తపోటు ఉన్నవారికి ఇది ప్రమాదం. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుడి మాట లేకుండా ముట్టుకోకూడదు. గోడలు మరీ బిరుసెక్కిన ధమనిని 200 మిల్లీమీటర్లు పూర్తిగా మూయలేకపోవచ్చు కూడా. అలాంటప్పుడు చికిత్స జరుగుతోందని రోగి అనుకుంటాడు, చేతిలో రక్తం పారుతూనే ఉంటుంది. ఈలోగా యాస్పిరిన్, స్టాటిన్, బీపీ మందులు ఏ ఒక్కటీ మానడానికి వీల్లేదు. మెదడులోపలి ఇరుకుకు స్టెంట్ వేయడం కంటే గట్టిగా మందులు వాడడమే మేలని 2011లో సాంప్రిస్ పరీక్ష చూపింది. 30 రోజులలో పక్షవాతం లేదా మరణం స్టెంట్ వర్గంలో 14.7 శాతం, మందుల వర్గంలో 5.8 శాతం.

సమన్వయకర్త: తదుపరి పరీక్షను మీ చేతికిస్తే ఏం మారుస్తారు?

గణాంక నిపుణుడు: అందరినీ చేర్చుకోను. మొదటిరోజే నియంత్రణను కొలిచి, అది దెబ్బతిన్నవారినే తీసుకుంటాను. నెలకొకసారి మళ్లీ కొలుస్తాను. కఫ్ యంత్రమే వాడకాన్ని నమోదు చేయాలి, రోగి మాట మీద ఆధారపడకూడదు.

నాడీవైద్యురాలు: నేను ఒకటి కలుపుతాను. పెద్ద ధమని ఇరుకైనవారిని, సన్నని నాళాల జబ్బు ఉన్నవారిని రెండు వేర్వేరు వర్గాలుగా ముందే విడదీయాలి. మొదటివారిలో నియంత్రణ మెరుగై పక్షవాతాలు తగ్గకపోతే, మనం కొలుస్తున్నది తప్పు వస్తువని ఒప్పుకోవాలి. నియంత్రణే మెరుగుపడకపోతే, విడతల సంఖ్యనో ఒత్తిడినో మార్చి చూడాలి. ఇప్పటివరకు జరిగిన పెద్ద పరీక్షలు పక్షవాతాలనో, వైకల్యాన్నో లెక్కించి ఊరుకున్నాయి, అందుకే అవి విఫలమైనప్పుడు లోపం ఆ రెండింటిలో ఎక్కడుందో చెప్పలేకపోతున్నాం.