మూడు కొండలు, నాలుగు ప్యాకెట్లు: విశాఖ రోస్టర్ దగ్గర కొన్న సింగిల్ ఆరిజిన్ కాఫీలు | రివ్యూ

నమస్కారం అండి. ఇవాళ బల్ల మీద నాలుగు కాఫీ ప్యాకెట్లు ఉన్నాయి. నాలుగూ మా విశాఖలోనే వేయించినవి. రెండు అరకు నుంచి, ఒకటి చిక్కమగళూరు దగ్గరి బాబా బుడన్ గిరి నుంచి, ఒకటి వయనాడ్ నుంచి. వేటిలోనూ చికోరీ లేదు. ఒక్కో ప్యాకెట్‌లో ఒక్క చోటి గింజలే ఉంటాయి. దీన్నే సింగిల్ ఆరిజిన్ అంటున్నారు.

మాటల్లో పడేముందు ఒక పని చేస్తాను. ఈ ఎర్ర చీటీ ఉన్నది అరకు నాచురల్. దీన్ని ఇప్పుడే ఒక కప్పు వడపోసి ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను. తాగను. వీడియో అయ్యేలోపు చల్లారిపోవాలి. దీని సంగతి చివర్లో.

ఈ వీడియోకి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ప్యాకెట్లు నేనే కొన్నాను. ఇది ప్రకటనలా ఉండకూడదని కొట్టు పేరు కూడా చెప్పట్లేదు. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఇలాంటి చిన్న రోస్టర్లు, అంటే గింజలు తామే వేయించి అమ్మేవాళ్లు, చాలామంది ఉన్నారు. మీకు దగ్గర్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే ఏం అడగాలో తెలియాలి, నాకు అది చాలు.

అసలు ఇదంతా ఎందుకు మొదలైందంటే, రెండేళ్ల కిందట ఒక కొట్లో అరకు కాఫీ అని పొడి కొన్నాను. ముందు వైపు పెద్ద అక్షరాల్లో అరకు అని ఉంది, కొండ బొమ్మ కూడా ఉంది. ఇంటికొచ్చి కలిపితే చేదు తప్ప ఇంకేమీ తెలియలేదు. అరకు కాఫీ అంటే ఇంతేనా అనుకున్నాను, నలుగురితో అన్నాను కూడా. చాలా రోజుల తర్వాత ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో చికోరీ 30 శాతం అని ఉంది. ఎప్పుడు వేయించారో తేదీ లేదు. అంటే నేను అప్పటికి అరకు కాఫీ తాగనే లేదు. తాగకుండానే బాగోదని చెప్పేశాను. అది నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే ఆ తోటలు మా ఇంటి నుంచి కిరండూల్ రైలెక్కితే పూటలో చేరేంత దూరంలో ఉన్నాయి.

చికోరీ కలపడం తప్పని నేను అనట్లేదు. చికోరీ ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీద రాయాలని నిబంధన ఉంది, వాళ్లు రాశారు. చూసుకోవాల్సింది నేను. మా ఇంట్లో ఇప్పటికీ పొద్దున్నే చికోరీ కలిసిన పొడితోనే ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ దిగుతుంది. కానీ ఒక ఊరి కాఫీ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆ ఒక్క గింజే కప్పులో ఉండాలి కదా.

ఇప్పుడు రోస్టర్ దగ్గర నేను చూసినది చెబుతాను. పచ్చి కాఫీ గింజకి మనం అనుకునే కాఫీ వాసన అసలు ఉండదు. ఎండుగడ్డి వాసన వస్తుంది. డ్రమ్ములో వేడెక్కుతుంటే పసుపు రంగుకి తిరిగి రొట్టె కాలుతున్న వాసన మొదలవుతుంది. దాదాపు 200 డిగ్రీల దగ్గర చిటపటలు వినిపిస్తాయి, అచ్చం పేలాలు వేగినట్టు. దాన్ని ఫస్ట్ క్రాక్ అంటారు. ఆ చప్పుడు మొదలయ్యాక నిమిషమున్నర, రెండు నిమిషాల్లో ఈయన గింజల్ని దించేశారు. నేను అడిగాను, ఇంకాస్త నల్లగా కానివ్వరా అని. 'పల్లీలు ఎలా వేయిస్తారండీ మీ ఇంట్లో?' అన్నారు.

నాకు వెంటనే అర్థమైంది. మనకి దీనికి చక్కటి మాట ఉంది, దోరగా వేయించడం. పల్లీలు దోరగా వేయిస్తే పల్లీ రుచి తెలుస్తుంది. మాడిస్తే పల్లీలైనా శనగలైనా నాలుక్కి ముందు తగిలేది మాడు రుచే. కాఫీ కూడా అంతే. బాగా నల్లగా వేయిస్తే అరకుకీ వయనాడ్‌కీ తేడా చాలావరకు పోతుంది. అందుకే సింగిల్ ఆరిజిన్ అమ్మేవాళ్లలో ఎక్కువమంది దోరగానో, కొంచెం ముదురుగానో దించుతారు.

సరే, కాఫీ పెడదాం. గింజలు 15 గ్రాములు, నీళ్లు 240 గ్రాములు. పొడి బొంబాయి రవ్వలా ఉండాలి, దగ్గరగా చూపిస్తున్నాను చూడండి. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగాను. ముందు పొడి తడిసేలా కొంచెమే పోస్తాను. ఇదిగో, మినప్పిండి పులిసినట్టు ఎలా పొంగుతోందో చూశారా? వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు బయటికి వస్తోంది. పొడి ఇలా పొంగిందంటే గింజ తాజాది. నేను రెండేళ్ల కిందట కొన్న ఆ పొడి తడిసిన ఇసుకలా అలాగే కూర్చుంది. అయితే మరీ నిన్న వేయించినది కూడా వద్దు, ఆ గ్యాస్ నీళ్లని పొడిలోకి సరిగా దిగనివ్వదు. ఒక వారం ఆగితే బాగుంటుంది. ఈ ప్యాకెట్లకి ఇవాళ్టికి పది రోజులు.

మొదటిది అరకు వాష్డ్.

ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాది. అరకు అన్న పేరు మీదే అమ్ముడవుతుంది కానీ పాడేరు, చింతపల్లి, జీకే వీధి వైపు కూడా తోటలు చాలా ఉన్నాయి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్క పెరుగుతుంది. ఆ సిల్వర్ ఓక్ మీదికే మిరియాల పాదు ఎక్కిస్తారు. ఒకప్పుడు పోడు కొట్టుకున్న కొండలవి. ఇప్పుడు గిరిజన కుటుంబాలకి కాఫీ, మిరియాలు రెండూ అక్కడే చేతికొస్తున్నాయి. నవంబర్ నుంచి జనవరి దాకా పళ్లు కోస్తారు. చెట్టు మీద అన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవాటినే ఏరి కోసి, పచ్చివి వదిలేసి, మళ్లీ రావాలి. ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు. ఈ కప్పులో తీపి ఏదైనా ఉందంటే అలా ఓపిగ్గా ఏరిన చేతుల వల్లే.

కోసిన రోజే పల్పర్‌లో వేసి తోలు తీస్తారు. గింజకి అంటుకున్న జిగురు వదిలేదాకా తొట్టిలో నానబెట్టి, కడిగి, ఎండబెడతారు. వాష్డ్ అంటే అదే.

తాగుతున్నాను... మొదట కమలాపండు తొక్క గిల్లితే వచ్చే వాసన. తర్వాత పులుపు. మింగాక బెల్లం పాకం లాంటి తీపి నాలుక వెనక మిగులుతుంది. పాలు లేవు, చక్కెర లేదు.

ఈ పులుపు గురించి కొంచెం ఆగాలి. మొదటిసారి అమ్మకి ఇచ్చినప్పుడు 'ఇదేటే, చారులా ఉంది' అంది. మనం కాఫీలో పులుపు తగిలితే పాలు విరిగాయేమో అని భయపడతాం. కానీ ఇది పాడైన పులుపు కాదు, దోరమామిడి పులుపు. వెనకే తీపి వస్తుంది. కాఫీ గింజంటే పండులోని గింజే కదా, ఆ పులుపు గింజలో ఉన్నదే. దోరగా వేయిస్తే మిగులుతుంది, మాడిస్తే పోతుంది. తీపి ఏమీ లేకుండా పళ్లు పులిసేలా ఉంటే మాత్రం అది కాఫీ సరిగా దిగలేదని గుర్తు. పొడి ఇంకొంచెం సన్నగా పట్టండి, సరిపోతుంది.

రెండోది బాబా బుడన్ గిరి. మన దేశంలో కాఫీ కథ ఇక్కడే మొదలైందంటారు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ మక్కా యాత్ర నుంచి వస్తూ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి ఈ కొండల మీద నాటారని ప్రతీతి. ప్యాకెట్ మీద ఎస్ 795 అని ఉంది. అది మొక్క రకం పేరు. చిక్కమగళూరు జిల్లాలోని బాలెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. ఆకు తుప్పు తెగులుని తట్టుకోవాలని తయారు చేసిన రకం.

రుచి... పల్లీ చిక్కీ. పులుపు తక్కువ. నోట్లో నిండుగా ఉంది. ఇది ఎవరికైనా నచ్చుతుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితో మొదలుపెట్టండి. నాకు మాత్రం అరకు వాష్డ్ తర్వాత ఇది కొంచెం చప్పగా అనిపించింది. నేను కొన్న ఈ ప్యాకెట్ ఇంకొంచెం ముదురుగా వేగిందని నా అనుమానం, గింజ మీద అక్కడక్కడ నూనె మెరుస్తోంది చూడండి.

మూడోది వయనాడ్ రోబస్టా. రోబస్టా అంటే చవక కాఫీ, ఇన్‌స్టంట్ పొడికి పనికొచ్చేది అని చాలామంది తీసిపారేస్తారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మిగతా మూడు ప్యాకెట్లలో ఉన్నది అరబికా అనే ఇంకో జాతి. దానితో పోలిస్తే రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదు ఎక్కువ, నిజమే. అందుకని దీన్ని ఇలా వడపోయలేదు. పొడి ఇంకాస్త సన్నగా పట్టి, మా ఇత్తడి ఫిల్టర్‌లో వేసి, డికాక్షన్ తీసి, చిక్కటి పాలు కలిపాను. చికోరీ లేకుండానే ఈ చిక్కదనం చూడండి. కోకో పొడి, కాస్త మిరియం ఘాటు. అరకు వాష్డ్‌లో పాలు పోస్తే ఆ కమలాపండు మాయమైపోతుంది. ఇది పాలలోనూ నిలబడింది. ఇక్కడ అమ్మ గ్లాసు కింద పెట్టకుండా తాగేసింది. మా ఇంట్లో నెలకి ఒక్క ప్యాకెట్టే కొనాలంటే అది ఇదే. రాత్రి మాత్రం తాగకండి.

ఈ మూడు ప్రాంతాల కాఫీలకీ భౌగోళిక గుర్తింపు ఒకే ఏడాది, 2019లో వచ్చింది. వాటితోపాటు కూర్గ్, చిక్కమగళూరు అరబికాలకి కూడా. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. మన దగ్గర పొడి కొట్లలో మాత్రం చాలాచోట్ల ఇంకా ప్లాంటేషన్ ఎ, పీబెర్రీ అనే అడుగుతాం. అవి గింజ సైజుని, ఆకారాన్ని బట్టి పెట్టిన గ్రేడ్లు. ఏ కొండ మీద పండిందో వాటిని బట్టి తెలియదు. కాబట్టి రోస్టర్ దగ్గర నాలుగు విషయాలు అడగండి: ఎక్కడిది, ఏ పంటది, ఎలా ఎండబెట్టారు, ఎప్పుడు వేయించారు. నాకు అరకు ప్యాకెట్ల మీద ఒక్కటే లోటు కనిపించింది. ఊరి పేరు లేదు. ఎత్తు రాశారు, రకం రాశారు, పండించిన ఊరు రాయలేదు. ఈసారి వేస్తామన్నారు. వెయ్యాలి.

ధర అడుగుతారు కదా. నాలుగూ కలిపి రెండు వేలకి కాస్త తక్కువైంది, ఒక్కోటి 250 గ్రాములు. కప్పుకి 15 గ్రాములంటే ఒక ప్యాకెట్‌కి పదహారు కప్పులు. కప్పు దాదాపు ముప్పై రూపాయలు పడింది. రోజూ రెండు పూటలా ఇంటిల్లిపాదికీ అంటే బరువే. ఆదివారం పొద్దున్న ఒక కప్పుకి కాదు.

ఇప్పుడు చల్లారిన ఈ కప్పు దగ్గరికి వద్దాం. ఇదీ అరకుదే, కానీ నాచురల్. దీనికి తోలు తియ్యలేదు. పండుని పండుగానే మంచెల మీద పరిచి, రెండు మూడు వారాలు తిరగేస్తూ ఎండబెట్టారు. మంచు పడితే కప్పాలి, మందంగా పరిస్తే బూజు పడుతుంది. వాష్డ్ కంటే నష్టపోయే అవకాశం ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు దీని వాసన కొంచెం కల్లు వాసనలా ఉంటుంది. మొదటిరోజు నాకు నచ్చలేదు, సగం వదిలేసి వేరే పనిలో పడ్డాను. అరగంట తర్వాత పారబోసేముందు ఊరికే ఒక గుక్క తాగాను.

ప్యాకెట్ మీద బ్లూబెర్రీ అని రాశారు. నేను బ్లూబెర్రీ తిని పెరగలేదండి. ఇదిగో, తాగుతున్నాను... నేరేడు పండు. ముందు తీపి, తర్వాత నాలుక అంచుల మీద ఆ వగరు కూడా. వేడి తగ్గేకొద్దీ కల్లు వాసన తగ్గిపోయి పండు బయటపడింది. పక్కన ఉన్న వాష్డ్ కూడా ఇదే కొండల గింజ, ఇదే పంట. ఎండబెట్టిన పద్ధతి ఒక్కటే తేడా.

ఈ ప్యాకెట్‌లో ఇంకా పది కప్పులు వస్తాయి. రేపు పొద్దున్న పెట్టి, పూర్తిగా చల్లార్చి, ఏమిటో చెప్పకుండా అమ్మకి ఇస్తాను. నేరేడు అంటుందో, మళ్లీ చారు అంటుందో, కింద కామెంట్‌లో రాస్తాను.