అప్పుడప్పుడూ మొరాయించే పాత కారు: కరెంటు లోపాన్ని పట్టుకోవడమెలా?

అందరికీ నమస్కారం.

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం తేలిక. తీరిగ్గా వెతకొచ్చు. దారిలో టక్కున ఆగిపోయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండితోనే అసలు తిప్పలు. మెకానిక్ ముందు అది బుద్ధిగా నడుస్తుంది. దాంతో అనుమానం మీద కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కు సరిపడా పెంచేది) మారుస్తారు, తర్వాత కండెన్సర్ (కాంటాక్టులు కాలిపోకుండా కాపాడే చిన్న పార్టు), ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కు పంచే పెట్టె మూత).

ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. లోపం కంటపడేదాకా ఏ పార్టూ మార్చకండి. ఖర్చు సంగతి అలా ఉంచండి. కాయిల్ మార్చేటప్పుడు దాని వైర్లు పీకి మళ్లీ బిగిస్తాం కదా, ఆ కదలికకే లూజ్ కాంటాక్ట్ తాత్కాలికంగా అతుక్కోవచ్చు. బండి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. కాయిలే పోయిందని నమ్మేస్తాం. అసలు లోపం అక్కడే ఉంటుంది, దాని ఆనవాళ్లు మాత్రం మన చేత్తోనే చెరిపేసుకుంటాం.

బండి బాగా నడుస్తున్నంతసేపూ ఇలాంటి లోపం దొరకడం కష్టం. కాబట్టి అది ఆగే క్షణానికి ఒక సాక్షిని సిద్ధంగా పెట్టుకోవాలి. 12 వోల్టుల చిన్న బల్బు చాలు. కాయిల్‌కు స్విచ్ నుంచి కరెంటు వచ్చే టెర్మినల్‌కు ఒక తీగ, ఎర్త్‌కు, అంటే బండి బాడీ లోహానికి, ఒక తీగ కలిపి, బల్బును డ్యాష్‌బోర్డు మీద కనబడేలా పెట్టండి. కాయిల్ దగ్గర నుంచి వచ్చే తీగలో, ఆ చివరనే, చిన్న ఫ్యూజ్ తప్పనిసరి. 1960ల మొదట్లో వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. బల్బుకు ఆ తేడా పట్టదు.

ఇంజిన్ ఆగగానే తాళం తిప్పకుండా బల్బు చూడండి. ఆరిపోయి ఉంటే లోపం కాయిల్‌కు ముందుంది: ఇగ్నిషన్ స్విచ్, కనెక్టర్లు, తీగ. వెలుగుతూనే ఉంటే కాయిల్, పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే కాంటాక్టులు), కండెన్సర్ వైపు వెళ్లండి. పెట్రోలు అందకపోవడం కూడా కావచ్చు. కానీ అప్పుడు బండి సాధారణంగా కుదుపులతో నెమ్మదిగా నీరసిస్తుంది, స్విచ్ కట్టేసినట్టు ఆగదు. ఒక్క చూపుతో సగం వైరింగ్ మీద అనుమానం తీరిపోతుంది. ఇంత చిన్న పని చాలామంది ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

వేడెక్కాక ఆగి, చల్లారాక నడిస్తే ముందు కాయిల్‌ను, కండెన్సర్‌ను అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు మాత్రమే తేడా వస్తుంటే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీయండి. పాయింట్లకు వెళ్లే పొట్టి తీగ ఒకటి కనిపిస్తుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పును బట్టి స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపే ఏర్పాటు) ఆ లోపలి ప్లేటును తిప్పినప్పుడల్లా అది వంగుతుంది. ఏళ్లతరబడి వంగి వంగి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. వేళ్లతో మెల్లగా లాగి చూడండి. లోపల తెగి ఉంటే ఆ చోట తొడుగు రబ్బరులా సాగుతుంది.

ఇక మల్టీమీటరు. చాలామంది ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి 'బీప్' వినగానే తీగ బాగుందంటారు. నేను దాన్ని నమ్మను. మీటరు పంపేది చాలా కొద్దిపాటి కరెంటు, ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. అదే తీగలో 10 ఆంపియర్లు పారుతున్నప్పుడు చిలుము పట్టిన జాయింటు 0.1 ఓమ్ అడ్డుపడితే, 1 వోల్టు అక్కడే పోతుంది, 10 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగుతుంటే ఆ 1 వోల్టు పోవడానికి 0.01 ఓమ్ చాలు. 6 వోల్టుల కార్లలో పరిస్థితి ఇంకా ఇబ్బంది. అన్నే వాట్లకు రెట్టింపు కరెంటు కావాలి, పోగొట్టుకోవడానికి ఉన్న వోల్టులేమో సగమే.

అందుకే లోడ్ ఉండగా, అంటే తీగలో అసలు కరెంటు పారుతుండగా, కొలవాలి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్‌ను బ్యాటరీ ఎర్త్ పోస్టుకు ఆనించండి. దానికి బిగించిన క్లాంప్ మీద వద్దు, సీసపు పోస్టు మీదే. రెండోదాన్ని ఇంజిన్ మీద శుభ్రంగా గీకిన చోట ఆనించి, ఇంజిన్ అందుకోకుండా ఇగ్నిషన్ తప్పించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ దారి బాగాలేనట్టే. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ స్ట్రాప్ తెగిన కార్లలో ఆ కరెంటు డ్యాష్‌బోర్డు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబుల్ వేడెక్కుతోందంటే ముందు ఆ స్ట్రాప్ చూడండి.

వైరింగ్ విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ తీసేయండి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేయకండి. ఫ్యూజ్ ఉన్నది తీగ కాలిపోకుండా కాపాడటానికి.

లోపం దొరికిందని ఎప్పుడు నమ్మాలి? దాన్ని మీరే తెప్పించి, మీరే పోగొట్టగలిగినప్పుడు. ఇంజిన్ నడుస్తుండగా అనుమానమున్న తీగను పొడి కర్రపుల్లతో కదిపితే ఆగాలి, కదపకపోతే నడవాలి. స్పార్క్ ప్లగ్ తీగల జోలికి మాత్రం చెయ్యి పోనీయకండి. లోపమున్న తీగ మార్చాక కూడా బల్బును వెంటనే విప్పొద్దు. మునుపు ఏ వేడిలో, ఏ గతుకుల మీద ఆగిందో అక్కడే మళ్లీ నడిపి చూశాక తీసేయండి.