మాటలు లెక్కపెట్టాలా, తూచాలా?

శ్రోతలకు నమస్కారం. అనువాదం గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక వాదన తప్పకుండా లేస్తుంది. మూలంలో ఉన్న మాటకు మాట పెట్టాలా, భావం అందితే చాలా? రెండు వేల ఏళ్ల కిందటే రోమన్లు దీని గురించి గట్టిగా ఆలోచించారు.

గ్రీకు వక్తలు ఈస్కినీస్, డెమొస్తనీస్ ప్రసంగాలను లాటిన్‌లోకి తెచ్చిన రోమన్ వక్త సిసిరో, క్రీ.పూ. 46లో ఆ అనువాదాలకు ముందుమాట రాశాడు. దుబాసీలా కాదు, వక్తలా అనువదించానన్నాడు. పాఠకుడికి మాటలు లెక్కపెట్టి ఇవ్వలేదు, తూచి ఇచ్చానన్నాడు. ఆ అనువాదాలు మనకు దక్కలేదు, ముందుమాట మాత్రం దక్కింది. తర్వాత కొన్నేళ్లకు రోమన్ కవి హొరేస్, పాత కథను చేపట్టే కవికి ఒక సలహా ఇచ్చాడు: నమ్మకమైన దుబాసీలా మాటకు మాట పెడుతూ కూర్చోవద్దని. నిజానికి అది కవులకు చెప్పిన మాట. తర్వాతివాళ్లు దాన్ని అనువాద సూత్రం చేసేశారు.

అలా వాడుకున్నవాళ్లలో ముఖ్యుడు జెరోమ్. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు. బెత్లెహేములో ఉండగా, గ్రీకు రాని స్నేహితుడి కోసం ఒక బిషప్ ఉత్తరాన్ని గబగబా లాటిన్‌లో చెప్పి రాయించాడు. ఎవరికీ చూపించొద్దనీ చెప్పాడు. ఏడాదిన్నర తర్వాత ఆ కాగితం స్నేహితుడి దగ్గర్నుంచి మాయమై ప్రత్యర్థుల చేతిలో పడింది. 'గౌరవనీయులైన' అని ఉన్నచోట 'ప్రియమైన' అని రాశాడు, ఇది మోసం అని గోల చేశారు. పిలుపులో ఒక్క మాట మారినందుకు ఇంత గొడవ! 395 ప్రాంతంలో జెరోమ్ పెద్ద ఉత్తరంతో జవాబిచ్చాడు. సిసిరోను, హొరేస్‌ను సాక్ష్యం తెచ్చుకుని, నేను మాటకు మాట కాదు, భావానికి భావం ఇస్తానని బాహాటంగా చెప్పాడు.

అయితే ఒక్క మినహాయింపు పెట్టుకున్నాడు. పవిత్ర గ్రంథంలో మాటల వరుస కూడా ఒక మర్మమేనన్నాడు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మినహాయింపే. ఏ రచనకు ఏ పద్ధతి అని విడదీసి చూడడం అందులో ఉంది. 1680లో ఇంగ్లీషు కవి డ్రైడెన్ అనువాదాన్ని మూడు రకాలుగా విడదీస్తూ హొరేస్ మాటనే ఉదహరించాడు. 1813లో బెర్లిన్‌లో జర్మన్ తత్త్వవేత్త ష్లయర్‌మాహర్ మాత్రం, పాఠకుణ్ణే రచయిత దగ్గరికి నడిపించాలని, అంటే అనువాదంలోనూ మూలభాష పరాయితనం తెలిసేలా ఉంచాలని వాదించాడు. గ్రీకును లాటిన్ గొంతుతో పలికించాలనుకున్న సిసిరోకు ఇది ససేమిరా నచ్చేది కాదు.