బూరెలు, రెండు పరికిణీలు

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ. అంచేత నేరుగా గుంటూరులో మొన్న జరిగిన ఒక పెళ్ళి బంతిలోకి వచ్చేస్తాను.

మా అక్క కూతురు నా పక్కనే కూర్చుంది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. గోంగూర, పులిహోర అయ్యాయి, బూరెల బేసిను వస్తోంది. దాని వెనకాలే మా పెద్దత్తయ్య వచ్చింది. "ఏమే, ఇంత ఒళ్ళు చేశావేంటి! రేపు సంబంధాలు చూడొద్దూ?" అంది. ఆ ఊపులోనే వడ్డించే కుర్రాడి వైపు తిరిగి, "అబ్బాయ్, ఈ పిల్లకి ఇంకో రెండు బూరెలు వెయ్యి. చిల్లు పెట్టి నెయ్యి పొయ్యి" అంది.

ఒకే నోరు. ఒకే నిమిషం. (ఈ ప్రసంగం ఆవిడ వింటే ఇక నాకు శుభలేఖ రాదు.) పిల్ల ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి పక్కనుంచే బూరెలు పడ్డాయి. తినలేదు. ఆకు మడిచేసింది.

రాత్రి పదకొండు దాటాక మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. చీకట్లో ఫ్రిజ్ తలుపు తీసుకుని, ఆ వెలుతురులో నిలబడి, పెళ్ళింటి నుంచి తెచ్చిన బూరెలు తింటోంది.

"లైటు వేసుకోవచ్చుగా" అన్నాను.

"వద్దు పిన్నీ, అమ్మమ్మ లేస్తుంది."

అమ్మమ్మ, అంటే మా అమ్మ, అప్పటికే లేచి గుమ్మంలో ఉంది. తిడుతుందనుకున్నాను. పీట లాక్కుని కూర్చుంది.

"నేను పుల్లలా ఉండేదాన్నే. ముందొచ్చిన సంబంధం వాళ్ళు, పిల్ల ఒంట్లో ఏం లేదు, కాన్పు తట్టుకోదని వెళ్ళిపోయారు. అందుకే మీ తాతయ్య వాళ్ళొచ్చిన రోజున మా అమ్మ చీర లోపల రెండు పరికిణీలు కట్టించింది. ఎండాకాలం. చెమటకి కాళ్ళకి అంటుకుపోయి, లేవమంటే లేవలేకపోయాను" అంది.

ఇన్నేళ్ళలో ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. అమ్మమ్మకి ఒళ్ళు చాలలేదట, మనవరాలికి ఎక్కువైందట.

ఒళ్ళు చేయడం ఒకప్పుడు మెప్పండీ. ఊరికే కాదు. 1832-33లో వచ్చిన కరువుని చరిత్రలో గుంటూరు కరువనే రాశారు. జిల్లాలో మూడో వంతు మంది పోయారని అంచనా. పొలాలకి నీళ్ళిచ్చే ఆనకట్ట బెజవాడ దగ్గర కృష్ణ మీద పూర్తయింది ఆ తర్వాతెప్పుడో, 1855లో. అంత ఆకలి చూసిన నేల మీద కండపట్టిన మనిషంటే గాదెలో గింజలున్న ఇల్లని అర్థం. మెతుకు పారేయకూడదన్న పట్టుదల కూడా అక్కడే బిగిసిందని నా ఊహ. వాళ్ళని తప్పుపట్టను. కానీ కరువు పోయింది, మాట మిగిలింది. దాని మీదకి సన్నగా ఉండాలన్న మరో మాట వచ్చి కూర్చుంది. రెండూ కలిసి ఆ పిల్ల ఆకులో పడ్డాయి.

పారేస్తే పాపం అంటారు. నిజమే. అడిగి వడ్డిస్తే పారేసే పనేముంది?

షుగరు, బీపీ సంగతి డాక్టరు గారు చూసుకుంటారు. నేనడిగేది బంతి సంగతి. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే గరిటె ఆపండి. "ఒక్కటి, నా మీద ఒట్టు" అనకండి. గరిటె ఆపండి. పలకరించడానికి మాట దొరక్కపోతే, బస్సులో సీటు దొరికిందా అని అడగండి. మన ఆడపిల్లలు దానికి చాలా చెబుతారు.

ఆ రాత్రి సంగతి సగంలో వదిలేశాను. అమ్మ లేచి లైటు వేసింది. మిగిలిన ఒక్క బూరెనీ వేడిచేసి, చిల్లు పెట్టి నెయ్యి పోసింది. మనవరాలి చేతిలో పెట్టబోయి ఆగింది.

"కావాలా?" అని అడిగింది.

పిల్ల సగం తుంచుకుంది. మిగతా సగం అమ్మే తినేసింది.