మాజీ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లతో విందు: ఒక చిన్న ఊరి ఐస్ రింక్ కోసం జరిగిన నిధుల సేకరణపై సమీక్ష

నమస్కారం. దక్షిణ ఒంటారియోలోని ఒక చిన్న ఊరిలో, అక్కడి ఐస్ రింక్‌కు కొత్త శీతలీకరణ యంత్రాలు కొనడానికి ఏర్పాటు చేసిన నిధుల సేకరణ విందుకు ఇటీవల మా కుటుంబమంతా వెళ్లివచ్చాము. నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఇక్కడ అందరూ ఎన్‌హెచ్‌ఎల్ అని పిలిచే పోటీలో, వృత్తిగా ఐస్ హాకీ ఆడి విరమించిన నలుగురు ఆటగాళ్లు ఆ విందుకు ముఖ్య అతిథులు. కెనడాలో స్థిరపడిన తెలుగువారిలో ఎంతోమంది తమ పిల్లలను స్కేటింగ్ నేర్చుకోవడానికి పంపుతున్నారు, శనివారం రాత్రి మ్యాచ్‌లు కూడా చూస్తున్నారు. అయినా ఇటువంటి విందుకు రమ్మని ఇరుగుపొరుగువారు టికెట్ చూపించినప్పుడు, అంత డబ్బు పెట్టి వెళ్లడం సబబేనా అని వెనకాడతారు. వారి కోసమే ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందుగానే చెబుతున్నాను: ఇది తప్పకుండా వెళ్లవలసిన విందు, అయితే దాని అసలు విలువ వేదిక మీద కంటే భోజనాల బల్లల దగ్గర ఎక్కువగా కనిపించింది.

ముందుగా డబ్బు ఎందుకు సేకరించారో చెప్పాలి. ఐస్ రింక్‌లో కాంక్రీటు నేల లోపల పరచిన పైపుల గుండా బాగా చల్లబరిచిన ఉప్పునీటిని ప్రవహింపజేసి, పైన పోసిన నీటిని మంచుగా గడ్డకట్టిస్తారు. ఆ ఉప్పునీటిని చల్లబరిచే యంత్రాలలో చాలాచోట్ల వాడేది అమ్మోనియా అనే విషవాయువు. 2017 అక్టోబరు 17న బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీ అనే ఊరి రింక్‌లో, కాలం చెల్లిన చిల్లర్ (ఉప్పునీటిని చల్లబరిచే యంత్రం) నుంచి అమ్మోనియా లీకై ముగ్గురు మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటన తెలిసినవారు ఎవరూ పాత చిల్లర్‌ను ఇంకో ఏడాది లాక్కొద్దామని అనలేరు. నిర్వాహకులు ఈ విషయాన్ని భోజనానికి ముందే, భయపెట్టకుండా, రింక్‌లో పనిచేసే సిబ్బందిలో ఒకరి చేత వివరింపజేశారు. తన పని ఏమిటో, యంత్రాల గది తలుపు తెరిచేటప్పుడు దేనిని గమనిస్తాడో ఆయన చెప్పిన తీరు ఆ రాత్రి నేను విన్న ప్రసంగాలన్నిటిలోకీ ఉత్తమమైనది. ఎంత మొత్తం కావాలి, ఊరి కౌన్సిల్ ఎంత భరిస్తోంది, ప్రజలు ఎంత సమకూర్చుకోవాలి అనే లెక్క తెర మీద రాత్రంతా కనబడుతూనే ఉంది. మన తెలుగు సంఘాల నిధుల సేకరణ కార్యక్రమాలలోనూ ఇటువంటి లెక్క ఇలా కళ్లెదుట ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇక అతిథుల విషయానికి వద్దాం. నలుగురిలో ఇద్దరు రక్షణ శ్రేణిలో ఆడినవారు, ఒకరు గోల్‌కీపర్, ఒకరు ఫార్వర్డ్, అంటే దాడి శ్రేణిలో ఆడినవారు. బల్లల దగ్గర వారు మనసు విప్పి మాట్లాడిన మాటలను ఇక్కడ పేర్లతో చెప్పడం మర్యాద కాదు కాబట్టి పేర్లు ప్రస్తావించడం లేదు. వారెవరూ హాకీ మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తారలు కారు. నా దృష్టిలో అదే ఈ విందుకు మేలు చేసింది. పెద్ద తార వస్తే జనం ఫోటో కోసం బారులు తీరుతారు, సంభాషణ ఉండదు. ఇక్కడ మాత్రం సూప్ వచ్చినప్పుడు ఒక బల్ల దగ్గర, మాంసం వడ్డించినప్పుడు మరో బల్ల దగ్గర, తీపి పదార్థానికి ఇంకో బల్ల దగ్గర అతిథులు కూర్చునేటట్టు ఏర్పాటు చేశారు. అందువల్ల ప్రతి కుటుంబానికీ కనీసం ఒక ఆటగాడితో తీరికగా మాట్లాడే వీలు దొరికింది.

మా బల్లకు వచ్చిన పెద్దాయన తన వేసవి సెలవుల గురించి చెప్పారు. ఆయన ఆడిన రోజులలో సీజన్ ముగియగానే ఆటగాళ్లు వేరే పనులకు వెళ్లేవారట; ఆయనైతే అన్నగారి పొలంలో ఎండుగడ్డి కట్టలు మోశారు. ఈ మాట వినడానికి మామూలుగా ఉన్నా దాని వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1967 వరకు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరు జట్లే కావడం వల్ల, చోటు పోతే మళ్లీ దొరకదనే భయంతో ఆటగాళ్లు యజమానులు ఇచ్చినంత పుచ్చుకొని ఆడారు. ఆ ఏడాది జట్లు పన్నెండు అయ్యాయి. పింఛను నిధిలో మిగిలిన సొమ్ము తమకే చెందాలని కార్ల్ బ్రూవర్, గోర్డీ హౌ తదితర మాజీ ఆటగాళ్లు 1991లో లీగ్ మీద దావా వేశారు. 1992లో ఒంటారియో న్యాయస్థానం వారి పక్షాన తీర్పునిచ్చింది, 1994లో కెనడా సుప్రీంకోర్టు లీగ్ అప్పీలును స్వీకరించడానికి నిరాకరించింది. ఇది తెలుసుకొని ఆ పెద్దాయన ఎదుట కూర్చుంటే, సాటివారి ఊరి రింక్ కోసం ఆయన ఒక సాయంత్రం కేటాయించడం ఎంత గొప్ప విషయమో అర్థమవుతుంది.

ఫార్వర్డ్‌గా ఆడిన అతిథి బాబ్ బాన్ కథను చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దంగా వింది. ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ కోసం 1964లో జరిగిన ఫైనల్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో డెట్రాయిట్ జట్టుతో ఆడుతూ కాలికి దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద బయటకు వెళ్లిన టొరాంటో ఆటగాడు బాన్, మత్తు సూది వేయించుకొని తిరిగి వచ్చి, అదనపు సమయంలో గోల్ కొట్టి జట్టును గెలిపించాడు. ఏడో మ్యాచ్ కూడా ఆడి, కప్పు గెలిచిన తరువాతే కాలు విరిగిందని ఎక్స్‌రేలో తేల్చుకున్నాడు. ఇక్కడివారికి ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. అయినా చెప్పిన మనిషి, ఆ తరం ఆటగాళ్లు నొప్పిని దాచుకోవడానికి ఎంతగా అలవాటుపడ్డారో, దానికి ముసలితనంలో ఎంత మూల్యం చెల్లిస్తున్నారో కూడా కలిపి చెప్పడం నాకు నచ్చింది.

ఒక విషయంలో మాత్రం నిర్వాహకుల తీరుతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. భోజనాల మధ్యలో తెర మీద అతిథుల పాత ఆట దృశ్యాలు చూపించారు. వాటిలో సగానికి పైగా మంచు మీద జరిగిన ముష్టియుద్ధాలే. వ్యాఖ్యాత వాటికి చప్పట్లు కొట్టమని ప్రోత్సహించాడు. 1979లో ఎన్‌హెచ్‌ఎల్ కొత్తగా వచ్చే ఆటగాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది కానీ, అంతకుముందే ఒప్పందం చేసుకున్నవారు లేకుండానే ఆడే వీలు కల్పించింది. చివరిగా అలా ఆడిన క్రెయిగ్ మాక్‌టావిష్ 1997 వరకు ఆడాడు. తల మీద పదేపదే తగిలే దెబ్బల వల్ల మెదడు క్షీణించే వ్యాధి (సీటీఈ) రావచ్చని ఇప్పుడు మనకు తెలుసు. ముష్టియుద్ధాలతోనే పేరు తెచ్చుకున్న ఒంటారియోవాడు బాబ్ ప్రోబర్ట్ 2010లో మరణించాక బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆయన మెదడులో ఆ వ్యాధిని గుర్తించారు. అటువంటి పేరే ఉన్న మరో ఆటగాడు, 2011లో 28 ఏళ్లకే మరణించిన డెరెక్ బూగార్డ్ విషయంలోనూ అదే తేలింది. ఆ రాత్రి ఒక అతిథి చెబుతున్న సంగతి మధ్యలో ఆగిపోతే, పక్కనే కూర్చున్న ఆయన భార్య ఎంతో సహజంగా అందుకొని పూర్తి చేశారు. ఆ దంపతుల ఎదుటనే ఆ దృశ్యాలు వేయడం తగని పని. వారి గోల్స్, పాస్‌లు, కప్పు అందుకున్న ఫోటోలు చూపిస్తే సరిపోయేది.

వేలం చురుగ్గా సాగింది. సంతకం చేసిన జెర్సీలు, కర్రలు, ఊరి రైతులు ఇచ్చిన మేపుల్ సిరప్ డబ్బాలు, స్థానిక వడ్రంగి చేసిన బల్ల అమ్మకానికి పెట్టారు. అన్నిటికంటే పోటీ ఎక్కువగా సాగింది పాల్ హెండర్సన్ సంతకం ఉన్న ఒక ఫోటోకు. 1972 సెప్టెంబరు 28న మాస్కోలో, సోవియట్ జట్టుతో జరిగిన సిరీస్ చివరి మ్యాచ్‌లో 34 సెకన్లు మిగిలి ఉండగా హెండర్సన్ కొట్టిన గోల్‌తో కెనడా 6-5తో గెలిచింది. గోల్ కొట్టిన వెంటనే ఆయన సహ ఆటగాడు ఇవాన్ కూర్న్వాయేను కౌగిలించుకున్న క్షణాన్ని ఫ్రాంక్ లెనన్ తీసిన ఫోటో అది. దాని కోసం చివరి వరకు పోటీపడి వేలం పాడిన ఇద్దరూ ఆ ఊరివాళ్లే కావడం, ఓడినవారు గెలిచినవారిని వెళ్లి అభినందించడం చూడముచ్చటగా ఉంది.

పన్ను రసీదు గురించి చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రిజిస్టరైన ధార్మిక సంస్థ విందు ఏర్పాటు చేసినప్పుడు, టికెట్ ధర మొత్తానికి రసీదు రాదు. మీకు అందిన భోజనం, కానుకల మార్కెట్ విలువను తీసివేసి మిగిలిన దానికే ఇస్తారు. ఉదాహరణకు టికెట్ 150 డాలర్లు, మీకు అందినవాటి విలువ 60 డాలర్లు అయితే, రసీదు 90 డాలర్లకు వస్తుంది. కెనడా రెవెన్యూ ఏజెన్సీ నియమం ప్రకారం ప్రముఖులు విందుకు హాజరైనంత మాత్రాన దానిని మీరు పొందిన లాభంగా లెక్కించరు. కానీ ఒక ఫలానా ఆటగాడి పక్కన కూర్చోవడానికే అదనంగా చెల్లిస్తే, ఆ అదనపు మొత్తం లాభం కింద లెక్కకు వస్తుంది. ఫిఫ్టీ-ఫిఫ్టీ డ్రా (వసూలైన సొమ్ములో సగం విజేతకు, సగం నిధికి వెళ్లే లాటరీ) టికెట్లకు రసీదు ఉండదు. ఈ విందులో ఈ వివరాలన్నీ ఆహ్వాన పత్రం వెనుక స్పష్టంగా అచ్చువేశారు.

భోజనం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కాల్చిన గొడ్డు మాంసం, కోడి మాంసం, బంగాళాదుంప ముద్ద, ఉడికించిన క్యారెట్లు, యాపిల్ పై. రుచిలో తక్కువేమీ కాదు, ఊరివాళ్లే వండి వడ్డించారు. శాకాహారులకు కూరగాయల లసాన్యా ఉంది కానీ ముందుగా చెప్పినవారికే ఇచ్చారు. పిల్లలకు ప్రత్యేక ధర ఉంది. రాత్రి తొమ్మిది దాటాక వేలం సాగుతుంది కాబట్టి చిన్నపిల్లలు అలసిపోతారు, ఎనిమిదేళ్లు పైబడినవారిని తీసుకువెళ్లడం మంచిదని నాకు అనిపించింది. గోల్‌కీపర్‌గా ఆడిన అతిథి మా అమ్మాయికి ఎడమచేతి గ్లవ్ ఎంత ఎత్తులో పట్టుకోవాలో లేచి నిలబడి చూపించారు, అది ఆమె ఇప్పటికీ అద్దం ముందు సాధన చేస్తోంది.

మీ ఊరిలో ఇటువంటి విందు ప్రకటించినప్పుడు, బల్ల మొత్తం కొనే స్తోమత లేకపోతే మరో రెండు కుటుంబాలతో కలిసి కొనండి. టికెట్ తీసుకునేటప్పుడే అతిథులు బల్లల దగ్గర కూర్చుంటారా, వేదికకే పరిమితమవుతారా అని అడగండి. వేదికకే పరిమితమైతే ఆ డబ్బును నేరుగా విరాళంగా ఇవ్వడం మేలు. శాకాహారం కావాలంటే అప్పుడే రాయించండి, రసీదు కోసం పూర్తి పేరు, చిరునామా ఇవ్వండి.