స్కాన్ చేస్తే సొంతమైపోతుందా? పాత ఫోటోల మీద మ్యూజియంల పెత్తనం!

ఫోటో తీసినాయన పోయి వందేళ్లు దాటింది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. అయినా మ్యూజియం దాన్ని స్కాన్ చేసి, కింద "సర్వహక్కులూ మావే" అని తగిలించి, పుస్తకంలో వేసుకుంటామంటే లైసెన్సు ఫీజు కట్టమంటుంది! సూటిగా చెప్తున్నా: స్కాన్ చేసినంత మాత్రాన పాత ఫోటోకి కొత్త యజమాని పుట్టడు. పుట్టడంటే పుట్టడు!

కోర్టులూ ఇదే అన్నాయి. పాత పెయింటింగ్‌ని ఉన్నదున్నట్టు ఫోటో తీస్తే దానికి కొత్త కాపీరైట్ రాదని 1999లో బ్రిడ్జ్‌మన్ అనే చిత్రాల లైబ్రరీకీ, కోరెల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చింది. 2019లో యూరోపియన్ యూనియన్ దీన్ని ఏకంగా చట్టంలోనే రాసింది.

స్కానింగ్‌కి ఖర్చవదా అని మ్యూజియంల వాళ్లు అంటారు. అవుతుంది! కొత్తగా స్కాన్ చేసిమ్మంటే ఆ పనికి చార్జీ తీసుకోండి, న్యాయమే. కానీ కూలి వేరు, హక్కు వేరు.

నన్నడిగితే అసలు సంగతి డబ్బు కాదు, భయం. ఫోటోలు జనంలోకి వెళితే తమ క్యాప్షన్లలో తప్పులు బయటపడతాయన్న టెన్షన్! 2008లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సుమారు మూడు వేల పాత ఫోటోలను ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్‌లో పెట్టింది. ఏమైంది? ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఇది ఫలానా వీధి, ఈయన ఫలానా మనిషి అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ సమాచారాన్ని సరిచూసుకుని లైబ్రరీ తన క్యాటలాగ్‌లో వందల రికార్డులు సరిదిద్దుకుంది. జీతమివ్వకుండానే అంత పని జరిగింది! అలాంటి జనాన్ని గేటు బయట నిలబెడతారా?

ఇంకో ముచ్చట చెప్పాలి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు వెర్మీర్ వేసిన పాలమ్మాయి బొమ్మ ఉంది. నెట్‌లో పసుపు తిరిగిన కాపీలే నిండిపోయి, మ్యూజియం షాపులో అసలు రంగులతో ఉన్న పోస్ట్‌కార్డులు చూసి జనం నమ్మలేదట! చివరికి మ్యూజియమే మంచి ఫైళ్లు ఉచితంగా ఇచ్చేసింది. తాళం వేస్తే నకిలీలదే రాజ్యం. అమెరికాలోని మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ 2020లో 28 లక్షల చిత్రాలను ఏ షరతూ లేకుండా వదిలింది. వాళ్లేం మూతపడలేదే!

కాబట్టి వాడుకోవాలనుకుంటే ముందు ప్రతి ఫోటో పక్కన హక్కుల వివరం చదవండి. సీసీ జీరో (హక్కులన్నీ వదులుకున్నామని చెప్పే గుర్తు), పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేనిది, అందరిదీ) అని ఉంటే అడగక్కర్లేదు, ధైర్యంగా వాడుకోండి. హక్కులు తమవంటే ఏ ఆధారంతో అంటున్నారో మెయిల్‌లో అడగండి. కొత్త ఫోటోల సంగతి వేరు, ఫోటోగ్రాఫర్ హక్కు ఇంకా బతికే ఉండొచ్చు. మీ దేశపు చట్టం కూడా చూసుకోండి. వాడినప్పుడు మ్యూజియం పేరు, ఆ ఫోటోకి వాళ్లిచ్చిన ఐటెం నంబరు వేయండి. క్యాప్షన్ తప్పని మీకు తెలిస్తే మాత్రం ఊరుకోవద్దు, ఆ నంబరు వేసి వాళ్లకే రాయండి. సరిదిద్దేదాకా వదలకండి!